ఈ ఖాళీని తయారీదారు పూరించవలెను

లినక్స్ కెర్నెల్ నిద్ర లేస్తూనే ఒక అబద్ధం ఆడుతుంది.

మదర్‌బోర్డు అడుగుతుంది: ఎవరు నువ్వు? కెర్నెల్ చెబుతుంది: మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ. విండోస్ 2000 వచ్చా? వచ్చు. ఎక్స్‌పీ? ఓ, భేషుగ్గా. విస్టా? ఏడు? ఎనిమిది? పది? అన్నీ నేనే మహాప్రభో! మరి లినక్స్? అబ్బే, ఆ పేరే ఎప్పుడూ వినలేదండీ.

కట్టుకథ అనుకుంటున్నారా? కోడ్‌లో ఉంది. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగాన్ని మోస్తున్న కెర్నెల్, తన పేరు తాను చెప్పుకోవడానికి భయపడి పక్కింటివాడి పేరు చెబుతోంది. ఎందుకు? నిజం చెబితే ఫ్యాన్ తిరగకపోవచ్చు. స్క్రీన్ వెలగకపోవచ్చు. మూత మూసి నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్ మళ్లీ లేవకపోవచ్చు. నిజానికి ఇంత శిక్ష పడే ఊళ్లో హరిశ్చంద్రుడు మాత్రం ఎన్నాళ్లు నిలబడతాడు?

ఈ భాగోతానికి మూలం మదర్‌బోర్డు మీద గోరంత చిప్పు. అందులో కాపురముండే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. పాతవాళ్లు బయోస్ అనేవారు, ఇప్పుడు యూఈఎఫ్‌ఐ అంటున్నారు. మీరు మీట నొక్కగానే అందరికంటే ముందు లేచేది అదే. మెమరీ ఎంత, ఫ్యాన్లెక్కడ, బ్యాటరీ సంగతి ఎవరినడగాలి అన్న చిట్టా తయారుచేసి ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో, అంటే దాని గుండెకాయ అయిన కెర్నెల్ చేతిలో, పెట్టడం దాని ఉద్యోగం. ఆ చిట్టా ఎలా రాయాలో 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఒక నిబంధనావళి తెచ్చాయి. పేరు ఏసీపీఐ. ఇప్పుడది వెయ్యి పేజీలు దాటింది. దాని అన్నగారు యూఈఎఫ్‌ఐ గ్రంథం రెండు వేలు దాటింది.

ఇన్ని వేల పేజీలు ఎవరు చదివారు? రాసినవాళ్లు చదివారు. కెర్నెల్ వాళ్లు చచ్చినట్టు చదివారు. బోర్డులు అమ్ముకునేవాళ్లు?

వాళ్లకు ఒకటే పరీక్ష. విండోస్ లేచిందా? లేచింది. అట్టపెట్టెలో పెట్టు, స్టిక్కరు అంటించు, ఓడ ఎక్కించు.

చిట్టా అంటే ఊరికే జాబితా అనుకునేరు. అందులో చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. బ్యాటరీ ఎంతుందో చెప్పడానికొకటి, మూత మూసినప్పుడు ఏం చేయాలో చెప్పడానికొకటి. వాటిని కెర్నెల్ తన గర్భగుడిలో కూర్చోబెట్టి స్వయంగా నడపాలి. రాసినవాడెవడో తెలియదు. మూలం చూపించరు. తప్పుందని మొత్తుకుంటే పలికే దిక్కు లేదు. వీధి తలుపుకు మూడు తాళాలు వేసుకునే మనం, నడింట్లో మాత్రం ఊరూ పేరూ లేని ఈ అతిథికి పీటవేసి కూర్చోబెడుతున్నాం!

మొదట్లో లినక్స్‌కు నిజం చెప్పే దురలవాటు ఉండేది. 'లినక్స్‌వా?' అని చిట్టా అడిగితే 'అవును' అనేది. అవునన్న పాపానికి బోర్డు దాన్ని వేరే దారి పట్టించేది. ఆ దారి రాసినప్పటి లినక్స్ వేరు, నడిచే లినక్స్ వేరు. కెర్నెల్ రెండు మూడు నెలలకోసారి మారిపోతుంది. చిప్పులో రాత మాత్రం బ్రహ్మరాత. చివరికి 2007లో 2.6.23 వెర్షన్ నుంచి కెర్నెల్ ఆ నిజాయతీకి నీళ్లొదిలింది. విండోస్ నడిచే దారిలో కనీసం ఒకడైనా నడిచి చూసి ఉంటాడు కదా, ఆ దారే పోదాం అనుకుంది.

అబద్ధం ఆడితే అంతా సుఖమా? ఆ ముచ్చటా లేదు. విండోస్ 8 వచ్చింది. స్క్రీన్ వెలుతురు తగ్గించి పెంచే పని ఇకనుంచి గ్రాఫిక్స్ డ్రైవరే చూసుకుంటుందని తేలింది. దాంతో బోర్డులవాళ్లు చిట్టాలోని పాత ఏర్పాటును గాలికొదిలేశారు. 'విండోస్ 8 నేనే' అని కెర్నెల్ అన్న మరుక్షణం కొన్ని ల్యాప్‌టాపుల్లో వెలుతురు మీటలు మూగబోయాయి. ఇప్పుడేం చేయాలి? ఈ మోడల్ దగ్గర ఎనిమిది కాదని చెప్పు, ఆ మోడల్ దగ్గర అవునని చెప్పు. ఎవరి దగ్గర ఏ అబద్ధం ఆడాలో గుర్తుపెట్టుకోవడానికి కెర్నెల్‌లో పట్టికలు వెలిశాయి. ఎన్నికల్లో నిలబడేవాడికి కూడా ఇంత లెక్క ఉండదు.

దీని వెనుక కుట్ర ఉందా? ఉండాలని కోరుకున్నవాడైతే ఒకాయన ఉన్నాడు. 1999 జనవరిలో బిల్ గేట్స్ తన మనుషులకు ఒక ఈ-మెయిల్ రాశారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసు పుణ్యమా అని అది తర్వాత బయటపడింది. సారాంశం ఇది: ఏసీపీఐ కోసం మనమూ మన భాగస్వాములూ ఇంత చాకిరీ చేస్తే, ఏ కష్టమూ పడని లినక్స్ హాయిగా లాభపడుతుందే! దీన్ని ఏదో విధంగా విండోస్‌కే పరిమితం చేయలేమా? ఆ కోరిక ప్రకారం ఏదైనా చేశారనడానికి ఆధారం లేదు. చేయాల్సిన అవసరమూ రాలేదు. బోర్డుల కంపెనీల నిర్లక్ష్యం ఆయన కోరికను పైసా ఖర్చు లేకుండా తీర్చిపెట్టింది.

నమ్మరా? 2008 జులైలో ఫాక్స్‌కాన్ మదర్‌బోర్డు కొన్న ఒక లినక్స్ వాడకందారు చిట్టా విప్పి చూశాడు. విండోస్‌కు ఒక దారి, లినక్స్‌కు వేరే దారి, ఆ దారినిండా గుంతలు. కావాలనే చెడగొట్టారని గగ్గోలు పెట్టాడు. కంపెనీ జవాబేమిటి? మా బోర్డుకు విస్టా సర్టిఫికెట్ ఉంది కదా! అడిగిందేమిటి, చెప్పిందేమిటి? కెర్నెల్ ఫర్మ్‌వేర్ గొడవల్లో తలపండిన మాథ్యూ గారెట్ ఆ చిట్టాను పరిశీలించి తేల్చిందేమిటంటే, కుట్రా లేదు, వంకాయా లేదు. లినక్స్ అసలు తన పేరే చెప్పదు కాబట్టి ఆ దారిలోకి వెళ్లే ప్రసక్తే లేదు. మిగిలిన తప్పులు అందరికీ సమానంగా పంచిన చేతకానితనం. కంపెనీ తర్వాత సవరించిన బయోస్ ఇచ్చింది. గోల చేస్తే వచ్చింది. గోల చేయని బోర్డుల మాటేమిటి?

విలన్ ఉంటే తిట్టుకోవచ్చు, కోర్టుకీడ్చవచ్చు. ఇక్కడ విలన్ లేడు. ఐదింటికి ఇంటికెళ్లిపోయిన ఒకాయన ఉన్నాడంతే.

చిట్టాలోని తప్పుల్ని పట్టుకునే కంపైలర్ లేక కాదు. ఇంటెల్ ఇచ్చే కంపైలర్ ఉంది. తప్పు కనిపిస్తే ముక్కుమీద గుద్ది చెబుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ కాస్త ఉదారహృదయం కలది. కొన్ని తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. వదిలేసిన తప్పులను విండోస్ కూడా మౌనంగా మింగేస్తుంది. ఇంకేం, పరీక్ష పాసు! అందుకే లినక్స్ కూడా నిబంధనలు పక్కనబెట్టి చూసీ చూడనట్టు నడవడం నేర్చుకుంది. పుస్తకంలో ఉన్నట్టే నడవాలని పట్టుబట్టేవాళ్ల కోసం 'ఏసీపీఐ స్ట్రిక్ట్' అని ఒక మీట పెట్టారు. అంటే అర్థమైందా? నిబంధనలు పాటించాలంటే ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవాలి. పాటించకపోవడమే మామూలు.

ఇక మెమరీ సంగతి వినండి. 2008లో కొన్ని యంత్రాల్లో ఒక వింత బయటపడింది. నిద్రపుచ్చి లేపగానే మెమరీలో మొదటి 64 కేబీలో ఎవరో పిచ్చిరాతలు రాసిపోతున్నారు. ఇంకో యంత్రంలో హెచ్‌డీఎంఐ తీగ పెట్టినా, తీసినా అదే వరస. ఎవరా దొంగ? ఫర్మ్‌వేర్! ఈ మెమరీ నీదే, నిక్షేపంగా వాడుకో అని చిట్టాలో రాసిచ్చిన పెద్దమనిషే, రాత్రిపూట వచ్చి అందులో గీతలు గీసిపోతున్నాడు. కెర్నెల్ వాళ్లు ఏం చేశారు? ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. కావాలనుకుంటే నిమిషానికోసారి వెళ్లి ఆ 64 కేబీ తడిమి చూసి వస్తాడు. తర్వాత అసలు ఆ జాగానే వాడకూడదని కంచె వేశారు. 2021లో 5.13 వెర్షన్ వచ్చేసరికి కంచె 1 ఎంబీకి పెరిగింది. ఏ బోర్డైనా, ఎవరి బయోస్ అయినా, మొదటి 1 ఎంబీ ముట్టుకోవద్దు. అది దొరవారి మాన్యం.

1 ఎంబీ పోతే ఏం పోయింది, గిగాబైట్లున్నాయిగా అంటారా? పోయింది మెమరీ కాదు స్వామీ, మర్యాద. డబ్బు మీది. చిప్పు మీది. కబ్జా మాత్రం వాళ్లది.

ఇంతకంటే రసవత్తరమైన ఘట్టం రీబూట్. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఎంతసేపు? దానికో రిజిస్టరు ఉంది, అందులో ఒక అంకె రాస్తే చాలు అంటుంది నిబంధనావళి. రాస్తారు. యంత్రం ఉలకదు, పలకదు. అప్పుడేం చేయాలి? కీబోర్డు కంట్రోలర్‌ను బతిమాలాలి. అవును, కీబోర్డునే. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో ప్రాసెసర్‌ను రీసెట్ చేసే తీగను కీబోర్డు చిప్పుకు కలిపారు. ఆ తీగకు తద్దినాలు పెట్టాల్సిన ఈ కాలంలో కూడా కెర్నెల్ దానికే దండం పెడుతోంది. క్రమం ఎలా ఉంటుందో చూడండి. ముందు ఏసీపీఐని అడుగు. వినకపోతే కీబోర్డును అడుగు. అదీ వినకపోతే మళ్లీ ఏసీపీఐని అడుగు. మళ్లీ కీబోర్డును అడుగు. ఏ పుస్తకంలో ఉంది ఈ క్రమం? ఏ పుస్తకంలోనూ లేదు. విండోస్ ఏం చేస్తుందో చాటుగా చూసి నేర్చుకున్నారు. అప్పటికీ మాట వినని మొండి మోడళ్ల కోసం మళ్లీ పట్టిక. అందులో డెల్ ఉంది, యాపిల్ ఉంది, ఏసర్, ఏసస్, హెచ్‌పీ, సోనీ ఉన్నాయి. సర్వమత సమ్మేళనం.

పట్టికలో యంత్రాన్ని గుర్తుపట్టాలంటే దాని పేరు కావాలి కదా. పేరు కూడా ఫర్మ్‌వేరే చెప్పాలి. కంపెనీ పేరు, మోడల్ పేరు, సీరియల్ నంబరు అని గళ్లు ఉంటాయి. దేశంలో ఎన్ని అసెంబుల్డ్ కంప్యూటర్లు తెరిచి చూసినా ఆ గడిలో తరచూ కనిపించే పేరేమిటో తెలుసా? 'ఈ ఖాళీని తయారీదారు పూరించవలెను.' అక్షరాలా అదే. ఫర్మ్‌వేర్ కంపెనీ నమూనాగా రాసిపెట్టిన వాక్యాన్ని బోర్డు కంపెనీ చెరపకుండా, చదవకుండా, సిగ్గుపడకుండా అలాగే అచ్చేసి అమ్మేసింది. ఇంకొన్నిటిలో 'సిస్టమ్ మాన్యుఫాక్చరర్' అన్న గడిలో సిస్టమ్ మాన్యుఫాక్చరర్ అనే రాసి ఉంటుంది. సీరియల్ నంబరు? ఒకటి, రెండు, మూడు, నాలుగు... తొమ్మిది. సొంత వస్తువుకు పేరు పెట్టడానికి ఓపిక లేనివాడు, అందులో మెమరీ హద్దులు సరిగ్గా కొలిచి రాశాడంటే నమ్మేంత పిచ్చివాళ్లమా?

నమ్మకం సంగతి ఎత్తాం కాబట్టి కీబోర్డుల కథ కూడా వినండి. ఇది నాన్నా పులి కథే. మీట నొక్కిన కబురు ప్రాసెసర్‌కు ఏ రూపంలో చేరుతుందో చిట్టాలో రాయాలి. పాత బోర్డులు ఆ గడిలో ఎంత చెత్త రాశాయంటే, కెర్నెల్ విసిగిపోయి ఆ రాతను చదవడం మానేసింది. అందరికీ వర్తించే పాత పద్ధతినే పట్టుకుంది. ఏళ్లు గడిచాయి. కొత్త ల్యాప్‌టాపులు కొన్ని ఆ గడిలో నిజం రాయడం మొదలుపెట్టాయి. కెర్నెల్ నమ్మితే కదా! ఏసస్ వివోబుక్ కె3402జడ్ఏ, కె3502జడ్ఏ లాంటి మోడళ్లలో లినక్స్ వేసుకున్నవాళ్లకు కీబోర్డు చచ్చిన పాములా పడి ఉంది. విరుగుడేమిటి? ఇంకో పట్టిక! 'ఫలానా మోడల్ ఈసారి నిజమే చెబుతోంది, నమ్మవచ్చు' అని ఒక్కో పేరే ఎక్కించుకుంటూ పోవాలి. అబద్ధాలకోరులకు ఒక జాబితా, నిజం చెప్పేవాళ్లకు ఇంకో జాబితా. ఒకరు డబ్బు పోసి కొని, కీబోర్డు పనిచేయక తలపట్టుకుని, ఎక్కడో ఫిర్యాదు రాస్తే తప్ప ఆ జాబితాలో వరుస పెరగదు. ఫిర్యాదు రాయడానికి పాపం యూఎస్‌బీ కీబోర్డు విడిగా కొనుక్కోవాలి.

అసలు తప్పు ఎవరిది అని అడిగి చూడండి, తమాషా తెలుస్తుంది. ప్రాసెసర్ కంపెనీ తన చిప్పును లేపే కోడ్ ముద్ద ఒకటి ఇస్తుంది. దాన్ని ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్ లాంటి ఫర్మ్‌వేర్ కంపెనీలు తీసుకుని తమ సరుకులో కలుపుతాయి. దాన్ని బోర్డు కంపెనీ తీసుకుని తన చిట్టా అతికిస్తుంది. దాని మీద బ్రాండు కంపెనీ తన లోగో అంటిస్తుంది. తిలాపాపం తలా పిడికెడు. బ్రాండువాణ్ణి అడిగితే బోర్డు అంటాడు, బోర్డువాణ్ణి అడిగితే ఏఎంఐ అంటాడు, వాళ్లనడిగితే చిప్పు అంటారు. మీరు మాత్రం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి.

'నమస్కారం సర్, మీ సమస్య చెప్పండి సర్.'

'ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేవడం లేదమ్మా. బయోస్‌లో తప్పుందని ఎర్రర్ వస్తోంది.'

'అర్థమైంది సర్. మీరు ఏ విండోస్ వాడుతున్నారు సర్?'

'లినక్స్ అమ్మా.'

'ఓకే సర్. ఒకసారి విండోస్ రీఇన్‌స్టాల్ చేసి చూడండి సర్. ఇంకేమైనా సహాయం కావాలా సర్?'

ఆ అమ్మాయినేం అంటాం? ఆమె ముందున్న కాగితంలో అంతే రాసి ఉంది. ఆ కాగితం రాసినవాడు ఫోనెత్తడు.

ఒకవేళ మీ అదృష్టం పండి బయోస్ అప్‌డేట్ వచ్చిందే అనుకోండి. ఏముంటుంది ఆ ప్రకటనలో? 'సిస్టమ్ స్థిరత్వం మెరుగుపరచబడినది.' ఏది అస్థిరంగా ఉండేది? ఎందుకు? ఎవరికి? బ్రహ్మరహస్యం. దించుకుని చూస్తే అది విండోస్‌లో మాత్రమే నడిచే ఫైలు. లినక్స్‌లో వచ్చిన జబ్బుకు మందు విండోస్‌లో కూర్చుని మింగాలట! ఈ ఒక్క విషయంలో 2015 నుంచి కాస్త వెలుగు కనిపిస్తోంది. లినక్స్‌లోనే ఫర్మ్‌వేర్ మార్చుకునే ఏర్పాటు, ఎఫ్‌డబ్ల్యూయూపీడీ, వచ్చింది. డెల్, లెనోవో లాంటివి తమ అప్‌డేట్లు అక్కడ పెడుతున్నాయి. కట్టింది ఎవరనుకున్నారు? బోర్డు కంపెనీలు కాదు, మళ్లీ లినక్స్ వాళ్లే.

ఇక్కడిదాకా కీబోర్డు, వెలుతురు, నిద్ర. చిన్న చిన్న చికాకులు, సర్దుకుపోదాం అనుకోవచ్చు. 2013 జనవరి సంగతి వింటే సర్దుకోలేరు. కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాపుల్లో లినక్స్ బూట్ చేసిన పాపానికి మదర్‌బోర్డే చచ్చిపోయింది. మళ్లీ ఆన్ అవదు. సెట్టింగుల పేజీ కూడా రాదు. సహజంగానే నింద లినక్స్ మీద పడింది. తీరా చూస్తే ఏమైంది? ఫర్మ్‌వేర్ తన జ్ఞాపకాలు దాచుకునే చిన్న అరలో సగానికి మించి సరుకు పడితే చాలు, తెల్లారి లేవలేక చతికిలబడుతోంది. విండోస్‌లో కూర్చుని ఒక మామూలు ప్రోగ్రాముతో కూడా ఆ బోర్డును చంపవచ్చని గారెట్ చేసి చూపించాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు! కెర్నెల్ వాళ్లు ఏం చేశారు? అర సగం నిండగానే ఇక రాయం అని తమకు తామే చేతులు కట్టేసుకున్నారు. తప్పు చేయని బోర్డుల్లో కూడా కొన్నాళ్లు అదే ఆంక్ష. ఎవరు నిజం చెబుతున్నారో కనిపెట్టే దారి లేకపోతే అందరినీ దొంగల్లాగే చూడాలి మరి.

అప్పటికైనా బుద్ధొచ్చిందా? 2016లో ఇంకో వింత. డిస్కు మొత్తం చెరిపేయమని ఆజ్ఞ ఇస్తే, ఆ ఊపులో ఫర్మ్‌వేర్ అరలోని వస్తువులు కూడా చెరిగిపోయాయి. అవి చెరిగితే మొదటి రోజు సెట్టింగులతో మళ్లీ లేవాలి, బుద్ధున్న ఫర్మ్‌వేర్ చేయాల్సిన పని అది. ఎంఎస్ఐ ల్యాప్‌టాప్ ఒకటి లేవలేదు. మళ్లీ కెర్నెలే వంగింది. ఆ అరలోని వస్తువుల్ని అంత తేలిగ్గా చెరపకుండా తాళం బిగించింది.

ఇక్కడ కెర్నెల్ వాళ్లను కూడా రెండు మాటలు అనాలి. ఇన్ని పట్టికలు రాసి, ఇన్ని అబద్ధాలు ఆడి, ఇన్ని కంచెలు వేసి మీరు కాపాడిందెవరిని? వాడకందారుణ్ణి. సంతోషం. దాంతోపాటు ఇంకెవరిని? తప్పు చేసినవాణ్ణి! మీ సవరణ పడిన మరుసటి రోజు నుంచి వాడి బోర్డు లినక్స్‌లో దివ్యంగా నడుస్తుంది. వాడికి ఫిర్యాదు రాదు. ఫిర్యాదు రానిదే బడ్జెట్ రాదు. బడ్జెట్ లేనిదే వచ్చే ఏటి బోర్డులోనూ అదే తప్పు. పోనీ సవరణ చేయకుండా ఉండగలరా? ఉండలేరు. చేయకపోతే నడవనిది లినక్సే అంటారు జనం. ఒత్తిడి ఎవరి మీద పడుతుందో ఎదుటివాడికి బాగా తెలుసు. అందుకే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

వీళ్ల మంచితనానికి ఒక శిలాశాసనం కూడా ఉంది. తప్పు కచ్చితంగా ఫర్మ్‌వేర్‌దే అని తేలితే సందేశం ముందు 'ఫర్మ్‌వేర్ బగ్' అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర వాడేవాళ్లకు కోడ్‌లోనే ఒక సూచన రాసిపెట్టారు: బాధ్యుడైన బయోస్ డెవలపర్ కెర్నెల్ కోడ్ తెరిచి చూడకుండానే, సందేశం చదివి తప్పేమిటో తెలుసుకునేలా రాయండి. ఎంత నమ్మకం! ఎంత అమాయకత్వం! బాధ్యుడైన బయోస్ డెవలపర్ ఆ సందేశం ఎప్పుడు చదువుతాడండీ? చదవాలంటే బోర్డు మీద లినక్స్ ఒక్కసారైనా బూట్ చేయాలి కదా? చేసి ఉంటే ఈ గొడవే లేదు కదా? ఇంకో అన్యాయం చూడండి. కొన్ని ఘోరమైన ఫర్మ్‌వేర్ తప్పులకు విరుగుడు వేసుకోవాల్సి వస్తే, కెర్నెల్ తన మీద తానే మైల ముద్ర వేసుకుంటుంది. తప్పు బయోస్‌ది. మైల కెర్నెల్‌కి. బయోస్ మాత్రం మడి కట్టుకుని లోగో చూపిస్తుంది.

ఆ లోగోలోనూ కన్నమే. కంప్యూటర్ లేవగానే కనిపించే ఆ బొమ్మను చదివే కోడ్‌లోనే దొంగలు దూరగల సందులున్నాయని 2023 డిసెంబరులో బైనార్లీ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఏడాది తిరక్కుండా, 2024 జులైలో, అదే సంస్థ ఇంకో బాంబు పేల్చింది. సెక్యూర్ బూట్ అనే కోట తలుపుకు మూలతాళం ఒకటి ఉంటుంది. ఫర్మ్‌వేర్ కంపెనీ నమూనా కోసం ఇచ్చిన ఉత్తుత్తి తాళాన్ని ఏసర్, డెల్, గిగాబైట్, ఇంటెల్, సూపర్‌మైక్రో వందల మోడళ్లలో అలాగే బిగించి అమ్మేశాయి. ఆ తాళం మీద ఏం రాసి ఉందో తెలుసా? 'నమ్మవద్దు.' కొన్నిటి మీద 'అమ్మకానికి పంపవద్దు.' పంపారు! 2012 నుంచి పంపుతూనే వచ్చారు. ఒక తాళంచెవి ఏకంగా ఇంటర్నెట్‌లో ఊరేగింది. కంటికి ఎదురుగా ఉన్న రెండు ముక్కలు చదవనివాళ్లకు రెండు వేల పేజీల పుస్తకం ఇచ్చి పాటించమంటున్నాం. పైగా దీనికి కెర్నెల్ పట్టికలో వరుస చేర్చి ప్రయోజనం లేదు. కింది అంతస్తు తలుపు తెరిచి ఉంటే పై అంతస్తువాడు ఎంత గడియ పెట్టుకుంటే ఏం లాభం?

మనదాకా వద్దాం. మన దేశంలో చాలాకాలం చవక ల్యాప్‌టాపులు 'డాస్' స్టిక్కరుతో అమ్మారు. అంటే విండోస్ డబ్బులు మిగులు, మీ ఇష్టం వచ్చింది వేసుకోండి అని. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో బేరమాడి కొన్న ఇంజినీరింగ్ విద్యార్థి ఇంటికెళ్లి ఉబుంటు లినక్స్ వేసుకునేవాడు. తెరమీద 'ఏసీపీఐ బయోస్ ఎర్రర్' అని తెల్లటి అక్షరాలు జలజలా రాలేవి. కుర్రాడు తనదే తప్పనుకునేవాడు. స్నేహితులు లినక్స్‌దే తప్పనేవారు. దుకాణంవాడు 'చెప్పాను కదా తమ్ముడూ, విండోస్ వేసుకోమని' అనేవాడు. అసలు ముద్దాయి పేరు అక్కడే, ఆ వాక్యంలోనే ఉంది. చదివినవాడేడీ? విండోస్ లేకుండా అమ్మిన యంత్రాన్ని విండోస్‌తో మాత్రమే పరీక్షించడం ఏ ఊరి న్యాయం?

పరీక్షించడం కష్టం, ఖర్చు అని మాత్రం ఎవరూ చెప్పకండి. ఉబుంటు చేసే కెనానికల్ వాళ్లు ఫర్మ్‌వేర్‌ను పరీక్షించే సాధనం ఒకటి రాసి పెట్టారు. ఉచితం. మూలం కూడా తెరిచే ఉంది. నిబంధనావళిని కాపాడే యూఈఎఫ్‌ఐ ఫోరమే ఏసీపీఐ స్వీయ పరీక్షకు దాన్ని వాడమని సిఫారసు చేస్తోంది. ఆ ఫోరంలో సభ్యులెవరు? ఈ కంపెనీలే! సిఫారసు చేసేటప్పుడు ఒక టోపీ, సరుకు పంపేటప్పుడు ఇంకో టోపీ.

చేతకాదా అంటే అదీ కాదు. 2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరం లినక్స్‌లో సరిగ్గా నిద్రపోయేది కాదు. పాత నిద్ర పద్ధతిని చిట్టాలోంచి తీసేశారు. ఖరీదైన యంత్రం, కొన్నవాళ్లు డెవలపర్లు, నోరున్నవాళ్లు. గోల గోల చేశారు. అదే ఏడాది బయోస్ అప్‌డేట్ వచ్చింది. సెట్టింగుల్లో కొత్త గడి: నిద్ర ఎవరి కోసం, విండోస్ 10 కోసమా, లినక్స్ కోసమా? అంతే. ఒక్క గడి. కొన్ని నెలల్లో అయిపోయింది. మరి నలభై వేల రూపాయల ల్యాప్‌టాప్ కొన్నవాడికి ఆ గడి ఏదీ? అతడి గోల గోల కాదా?

ఈసారి కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు దుకాణంలో ఒక్క ప్రశ్న అడిగి చూడండి. బాబూ, దీని ఫర్మ్‌వేర్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? అతడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. లోపలికెళ్లి ఓనరును అడిగి వస్తాడు. వచ్చి చెబుతాడు: 'బ్యాగు ఫ్రీ సర్. మౌస్ కూడా ఇస్తాం.'